వ్యాయామం చేస్తే రక్తంలో డీఎన్‌ఏను ఛేదించే ఎంజైములు పెరుగుతాయా? పెరిగితే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. తీవ్రంగా పరుగెత్తిన తర్వాత రక్తంలో డీఎన్‌ఏజ్ అనే ఎంజైము చురుకుదనం పెరుగుతుందన్న మాట నిజమేనా అన్నది మొదటిది. అది నిజమైతే, క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవారి రక్తం వ్యర్థమైన డీఎన్‌ఏ నుంచి ఎప్పటికప్పుడు శుభ్రపడుతూ ఉంటుందని అనుకోవచ్చా అన్నది రెండోది. శరీర రక్షణ వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే లూపస్ వ్యాధి ఉన్న మీ చెల్లెలికి ఈ దారిలో ఏమైనా మేలు జరుగుతుందా అన్నది మూడోది. ప్రయోగశాలలో ఎంజైముల కొలతలతోనే ఎక్కువ కాలం గడిపినవాణ్ని కాబట్టి ముందు సూటిగా జవాబులు చెప్పి, ఆ తర్వాత కారణాలు వివరిస్తాను. మొదటిది నిజమే, కానీ ఆ పెరుగుదల కొద్దిసేపటిది. రెండోది ఆ కొలత నుంచి తీయదగిన నిర్ధారణ కాదు. మూడోదాని విషయంలో, వ్యాయామం ఆమెకు మంచిదే అయినా, దానికి కారణం డీఎన్‌ఏజ్ కాదు.

అసలు రక్తంలో కణాల బయట డీఎన్‌ఏ ఎందుకు ఉంటుందో ముందు చూద్దాం. మాండెల్, మెటే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1948లోనే మనిషి ప్లాస్మాలో, అంటే కణాలు తీసేస్తే మిగిలే రక్తపు ద్రవంలో, అది ఉన్నట్టు గుర్తించారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు మిల్లీలీటరు ప్లాస్మాలో కొన్ని నానోగ్రాములకు మించి ఉండదు. అదంతా ఎక్కువగా రక్తకణాలు చనిపోయినప్పుడు, లేదా అవి తమంతట తాము విడుదల చేసినప్పుడు వచ్చేదే. ఆ ముక్కల పొడవు చాలావరకు 166 లేదా 167 బేస్ జతల (డీఎన్‌ఏ నిచ్చెనలోని మెట్ల) దగ్గర గుమిగూడి ఉంటుంది. కేంద్రకంలో డీఎన్‌ఏ హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని న్యూక్లియోసోమ్‌లుగా ఉంటుంది. ఒక్కో చుట్టలో 147 జతలు, దానికి ఆనుకుని మరో 20 జతల చిన్న తోక ఉంటాయి. ఆ చుట్టలో ఉన్న భాగానికి ఎంజైము సులువుగా చేరలేదు, చుట్టకూ చుట్టకూ మధ్యనున్న భాగాన్ని మాత్రం తెంపగలదు. కాబట్టి ఈ 167 అన్న సంఖ్యే ఎంజైములు తమ పని చేసి వెళ్లాయనడానికి గుర్తు. రక్తంలో మనం కొలిచే డీఎన్‌ఏ ఎంజైములు ముట్టుకోని సరుకు కాదు, అప్పటికే వాటి చేతుల్లో సగం నలిగినది. ఈ సంగతి తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

ఇక ఎంజైములు. డీఎన్‌ఏజ్ అని ఏకవచనంలో రాసే వ్యాసాలే ఎక్కువ గందరగోళం తెస్తాయి, ఎందుకంటే రక్తంలో ఈ పని చేసేవి ప్రధానంగా రెండు. మొదటిది డీఎన్‌ఏజ్-1. క్లోమం, లాలాజల గ్రంథులు, పేగులు, మూత్రపిండాల వంటి చోట్ల తయారవుతుంది. ప్రోటీన్ల రక్షణ లేని నగ్న డీఎన్‌ఏను బాగా కోస్తుంది. పని చేయాలంటే దానికి కాల్షియం, మెగ్నీషియం అయాన్లు కావాలి. కండరాల్లో విస్తారంగా ఉండే ఆక్టిన్ అనే ప్రోటీను, విడి అణువుల రూపంలో ఎదురైతే, దీన్ని గట్టిగా పట్టుకుని పనిచేయకుండా ఆపేస్తుంది. రెండోది డీఎన్‌ఏజ్-1-ఎల్-3. దీన్ని ముఖ్యంగా డెండ్రైటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు స్రవిస్తాయి. దీని చివర ధనావేశం ఉన్న ఒక తోక ఉండటం వల్ల, హిస్టోన్లతో కలిసి ఉన్న డీఎన్‌ఏను, అంటే న్యూక్లియోసోమ్‌ల మధ్య భాగాల్ని, ఇది డీఎన్‌ఏజ్-1 కన్నా బాగా తెంపగలదు. ఆక్టిన్ దీన్ని ఆపలేదు. ఈ ఎంజైము కోసిన ముక్కల చివర్లలో సీసీసీఏ అనే నాలుగక్షరాల క్రమం ఎక్కువగా కనిపిస్తుంది. ఈ జన్యువు తొలగించిన ఎలుకల ప్లాస్మాలో ఆ గుర్తు తగ్గిపోతుందని 2019లో చూపించారు. కాబట్టి ఎవరైనా మీతో డీఎన్‌ఏజ్ పెరిగిందని అన్నప్పుడు, ఆ రెండిట్లో ఏది అని అడగండి.

ఇప్పుడు వ్యాయామం దగ్గరికి వద్దాం. తీవ్ర వ్యాయామంతో ముందుగా పెరిగేది ఎంజైము కాదు, డీఎన్‌ఏ. ట్రెడ్‌మిల్ మీద అలసి ఆగిపోయేదాకా పరుగెత్తిన ఆరోగ్యవంతుల్లో కేంద్రక డీఎన్‌ఏ మోతాదు సుమారు 10 రెట్లు పెరిగినట్టు 2011లో ఒక జర్మన్ బృందం చూపింది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ మాత్రం అదే స్థాయిలో పెరగలేదు. ఈ తేడా ముఖ్యమైనది. కణాలు చితికిపోయి లోపలిదంతా బయటికి పోసి ఉంటే రెండూ కలిసి పెరగాలి. కండరాలు తెగడం వల్లే ఇదంతా వస్తోందని చాలామంది అనుకునేవారు, ఇప్పటికీ కొందరు అలాగే రాస్తున్నారు. ఆ ఊహను తేల్చడానికి చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. అవయవ మార్పిడి చేయించుకున్నవారిలో దాత, గ్రహీత వేర్వేరు లింగాల వారైతే, ఏ డీఎన్‌ఏ ఎవరిదో మగవారిలోనే ఉండే వై క్రోమోజోమ్‌ను బట్టి పసిగట్టవచ్చు. అలాంటి ఎముక మజ్జ, కాలేయ మార్పిడి రోగులతో వ్యాయామం చేయించి చూస్తే, పెరిగిన డీఎన్‌ఏ దాదాపుగా రక్తకణ వంశానిదేనని 2015లో తేలింది. డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తుల ఆధారంగా ఏ కణం నుంచి వచ్చిందో చెప్పే పద్ధతితో 2023లో ప్రచురితమైన మరో అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వేసి, అందులో ప్రధాన భాగం న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాల నుంచే వస్తోందని, గుండె కండరం వాటా చాలా స్వల్పమని చెప్పింది.

ఎంజైము సంగతి 2014లో స్పష్టంగా వెలుగులోకి వచ్చింది. ఒక్కసారి చేసిన తీవ్ర వ్యాయామం తర్వాత రక్తంలో డీఎన్‌ఏను కోసే చురుకుదనం పెరుగుతుందని, అది కూడా ఎంతోసేపు నిలవదని ఆ ఏడాది వెలువడిన పని చూపింది. అదే ఏడాది మరో బృందం, వ్యాయామ సమయంలో న్యూట్రోఫిల్‌లు తమ డీఎన్‌ఏను వలల రూపంలో విసురుతున్నట్టు సాక్ష్యాలు చూపింది. మీరు చదివిన మాటకు మూలం ఇక్కడే ఉంది. డీఎన్‌ఏ పెరిగింది, దాన్ని కోసే ఎంజైమూ పెరిగింది కాబట్టి శరీరం తన చెత్తను తానే ఊడ్చుకుంటోందన్న కథ చాలా ఆకర్షణీయంగా ఉంటుంది. ఆ కథలో కొంత నిజం ఉంది కూడా. అయితే దాన్ని అంకెల ముందు నిలబెట్టి చూడాలి.

మొదటి జాగ్రత్త తొలగింపు వేగం గురించి. రక్తంలో ఏ పదార్థం స్థాయి అయినా రెండు వేగాల మధ్య తూకం: లోపలికి వచ్చే వేగం, బయటికి పోయే వేగం. ప్రసవం తర్వాత తల్లి రక్తంలోంచి శిశువు డీఎన్‌ఏ ఎంత త్వరగా మాయమవుతుందో 1999లో కొలిచినప్పుడు, సగానికి తగ్గే సమయం సగటున 16 నిమిషాలుగా వచ్చింది. ఇతర పరిస్థితుల్లో కొలిచినప్పుడు రెండు గంటల దాకా కూడా అంచనాలున్నాయి. లెక్క సులువుగా ఉండటానికి 15 నిమిషాలు అనుకుందాం. మామూలుగా 5 నానోగ్రాములు ఉన్న మనిషిలో పరుగు ముగిసేసరికి 50 అయిందనుకుంటే, ఎక్కువైనది 45. విడుదల ఆ క్షణమే ఆగిపోతే 15 నిమిషాలకు ఆ ఎక్కువ 22.5 అవుతుంది, అరగంటకు 11, ముప్పావుగంటకు 6 దగ్గరికి, గంటకు 3 దగ్గరికి వస్తుంది. అంటే ఎంజైము ఒక్క శాతం కూడా పెరగకపోయినా, గంట తిరిగేసరికి స్థాయి దాదాపు మామూలుకు చేరుతుంది. వ్యాయామం తర్వాత నిజంగా చూసే పతనం కూడా ఇంచుమించు ఇలాగే, గంట నుంచి రెండు గంటల్లోపు ముగుస్తుంది. కాబట్టి డీఎన్‌ఏ త్వరగా తగ్గిందన్న ఒక్క పరిశీలనతో, పెరిగిన డీఎన్‌ఏజే దాన్ని తగ్గించిందని తీర్పు చెప్పలేం. తగ్గడానికి మామూలుగా ఉన్న ఏర్పాటే చాలు.

పైగా ఆ ఏర్పాటులో ఎంజైములది ఒక భాగం మాత్రమే. న్యూక్లియోసోమ్‌లను రక్తం నుంచి తీసివేయడంలో కాలేయం పాత్ర చాలా పెద్దది. తీవ్ర వ్యాయామంలో రక్తం కండరాలకు, చర్మానికి మళ్లడం వల్ల పేగులకు, కాలేయానికి, మూత్రపిండాలకు వెళ్లే ప్రవాహం సగానికి మించి పడిపోగలదు. పరుగు సాగుతున్నప్పుడు డీఎన్‌ఏ అంతగా పేరుకోవడంలో విడుదల పెరగడంతోపాటు, తొలగింపు నెమ్మదించడానికీ వాటా ఉండే అవకాశం ఉంది. పరుగు ఆగగానే ప్రవాహం తిరిగి కాలేయానికి చేరుతుంది. ఈ మార్పును పక్కన పెట్టి ఎంజైము ఒక్కదానికే కీర్తి కట్టబెట్టడం సబబు కాదు.

రెండో జాగ్రత్త రక్తం చిక్కబడటం గురించి. చెమట పట్టడం, నీరు రక్తనాళాల నుంచి కండరాల మధ్య ఖాళీల్లోకి జారడం వల్ల తీవ్ర వ్యాయామంలో ప్లాస్మా పరిమాణం 10 నుంచి 15 శాతం తగ్గడం మామూలే. 3000 మిల్లీలీటర్ల ప్లాస్మా 12 శాతం తగ్గి 2640 అయిందనుకోండి. అందులో ఎంజైము ఒక్క అణువు కూడా కొత్తగా చేరకపోయినా, మిల్లీలీటరుకు ఉండే చురుకుదనం 100 నుంచి దాదాపు 114కు పెరిగినట్టు యంత్రం చూపిస్తుంది. అందుకే ఇలాంటి అధ్యయనాల్లో హీమోగ్లోబిన్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) విలువలను వాడి ప్లాస్మా పరిమాణ మార్పును లెక్కగట్టే డిల్, కాస్టిల్‌ల 1974 నాటి సూత్రంతో సవరణ చేయాలి. 10 రెట్లు పెరిగిన డీఎన్‌ఏ విషయంలో ఈ సవరణ పెద్ద తేడా తేదు. కానీ ఎంజైములో వచ్చే మార్పు దానికన్నా ఎంతో చిన్నది కాబట్టి ఇక్కడ సవరణ లేని అంకె చేతికొస్తే నేను మొదట పక్కన పెట్టేది దాన్నే.

మూడో జాగ్రత్త రక్తం తీసే గొట్టానికి సంబంధించినది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఫలితాన్ని తలకిందులు చేయగలిగినది. డీఎన్‌ఏను కొలవడానికి సాధారణంగా వాడే గొట్టంలో ఈడీటీఏ ఉంటుంది. అది కాల్షియం, మెగ్నీషియం అయాన్లను పట్టి బంధిస్తుంది కాబట్టి గొట్టంలో చేరిన క్షణం నుంచి డీఎన్‌ఏజ్‌లు స్తంభించిపోతాయి. డీఎన్‌ఏ మోతాదు చెదరకుండా ఉండటానికి అదే కావాలి, కానీ అదే గొట్టంలోని ప్లాస్మాతో ఎంజైము చురుకుదనం కొలిస్తే ఏమీ కనిపించదు. ఎంజైము కోసం సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, తీస్తే అక్కడ ఇంకో చిక్కు ఉంది. రక్తం గడ్డకట్టేటప్పుడు తెల్ల కణాలు తమ డీఎన్‌ఏను వదులుతాయి కాబట్టి సీరంలో డీఎన్‌ఏ ఎప్పుడూ ప్లాస్మాలో కన్నా ఎక్కువే కనిపిస్తుంది. వ్యాయామం తర్వాత తెల్ల కణాల సంఖ్యే పెరిగి ఉంటుంది కనుక ఈ కల్పిత పెరుగుదల ఇంకా పెద్దదవుతుంది. పోనీ రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఉన్న గొట్టం వాడదామంటే, హెపారిన్ పీసీఆర్ (డీఎన్‌ఏకు నకళ్లు తీసి కొలిచే పద్ధతి) చర్యను అడ్డుకుంటుంది, హిస్టోన్లను డీఎన్‌ఏ నుంచి విడదీసి డీఎన్‌ఏజ్-1కు దారి సుగమం చేస్తుంది, డీఎన్‌ఏజ్-1-ఎల్-3ను మాత్రం అణచివేస్తుంది. ఒకే వ్యక్తి నుంచి ఒకే నిమిషంలో తీసిన మూడు గొట్టాలు మూడు కథలు చెబుతాయన్నమాట. ఎంజైముకు సీరం, డీఎన్‌ఏకు ఈడీటీఏ ప్లాస్మా, రెండూ ఒకే సూదిగుచ్చులో వేర్వేరుగా తీసిన అధ్యయనాన్నే నేను నమ్ముతాను.

కొలత ఎలా జరుగుతుందో కూడా దగ్గర నుంచి చూస్తే అంకె మీద గౌరవం, అనుమానం రెండూ పెరుగుతాయి. పాత పద్ధతుల్లో నాకు నచ్చినది జెల్ పళ్లెం మీద చేసేది. అగరోజ్ జెల్‌లో డీఎన్‌ఏను, దానికి అంటుకుని అతినీలలోహిత కాంతిలో నారింజ రంగులో మెరిసే ఇథిడియం బ్రోమైడ్‌ను కలిపి పలుచగా పోస్తారు. గట్టిపడిన జెల్‌లో చిన్న గుంటలు చేసి ఒక్కోదాంట్లో ఒకటి రెండు మైక్రోలీటర్ల సీరం వేసి, 37 డిగ్రీల వెచ్చదనంలో గంటల తరబడి ఉంచుతారు. ఎంజైము గుంటలోంచి నలువైపులా పాకుతూ డీఎన్‌ఏను కోసుకుంటూ పోతుంది. దీపం కింద పెట్టి చూస్తే, మెరిసే నేల మీద ప్రతి గుంట చుట్టూ ఒక నల్లని గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. దాని వ్యాసాన్ని స్కేలుతో కొలిచి, తెలిసిన మోతాదుల మచ్చలతో పోల్చి చురుకుదనం లెక్కగడతారు. ఇప్పుడు ఆలోచించండి: ఆ జెల్‌లో ఉన్నది హిస్టోన్లు లేని నగ్న డీఎన్‌ఏ. దాన్ని చకచకా కోసేది డీఎన్‌ఏజ్-1. మనిషి రక్తంలో ఉన్నదేమో హిస్టోన్లతో చుట్టుకున్న డీఎన్‌ఏ, అక్కడ ఎక్కువ పనికొచ్చేది డీఎన్‌ఏజ్-1-ఎల్-3. పళ్లెం మీద మచ్చ పెద్దదైనంత మాత్రాన రక్తనాళంలో న్యూక్లియోసోమ్‌ల గొలుసులు ఎక్కువగా తెగాయని అర్థం కాదు. ఇటీవలి ఫ్లోరసెంట్ ప్రోబు పద్ధతులు త్వరగా ముగుస్తాయి, కంటి అంచనా అవసరం లేదు, కానీ చాలావాటిలో వాడేది చిన్న నగ్న డీఎన్‌ఏ ముక్కనే కాబట్టి ఈ పరిమితి అలాగే ఉంటుంది.

డీఎన్‌ఏ కొలత వైపు కూడా ఇలాంటి మెలికే ఒకటి ఉంది. పీసీఆర్‌తో కొలిచేటప్పుడు ఒక నిర్ణీత పొడవున్న ముక్కలు మాత్రమే లెక్కకు వస్తాయి. ఉదాహరణకు 90 జతల లక్ష్యం పెట్టుకుంటే, అంతకన్నా చిన్నగా తెగినవన్నీ యంత్రానికి కనిపించవు. మరోవైపు, న్యూట్రోఫిల్ విసిరిన పొడవాటి వల రక్తనాళపు గోడకో, కణాలకో అతుక్కుని ఉన్నంతసేపు అది ప్లాస్మాలోకే రాదు. ఎంజైము దాన్ని తెంపినప్పుడే ముక్కలు ప్లాస్మాలో తేలి మన కొలతకు చిక్కుతాయి. అందువల్ల ఎంజైము చురుకుదనం పెరిగితే కొలిచిన డీఎన్‌ఏ తగ్గాలన్న నియమం లేదు. మొదటి నిమిషాల్లో పెరగవచ్చు, ఆ తర్వాత తగ్గవచ్చు. రెండూ ఒకేసారి పెరిగాయి కాబట్టి డీఎన్‌ఏ పెరగడమే ఎంజైము పెరగడానికి కారణమని కొందరు రాస్తారు. ఆ వాదన తిరగేసి రాసినా పైపైన అంతే సమంజసంగా కనిపిస్తుంది.

మరి ఆ ఎంజైము అంత త్వరగా ఎక్కడి నుంచి వస్తుంది? ఆక్సిజన్ కొరత డీఎన్‌ఏజ్-1 జన్యువును ప్రేరేపించగలదని కణాల మీద చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. గుండెపోటు మొదలైన కొద్ది గంటల్లో సీరంలో డీఎన్‌ఏజ్-1 చురుకుదనం పెరుగుతుందని జపాను పరిశోధకులు 2000ల మధ్యలో చూపించి, దాన్ని తొలి గుర్తుగా వాడవచ్చని కూడా ప్రతిపాదించారు. గుండెపోటులో గంటల సమయం ఉంటుంది కాబట్టి జన్యువు నుంచి కొత్త ఎంజైము తయారై రావడానికి వీలుంది. పావుగంట పరుగులో ఆ వీలు లేదు. జన్యువు చదవడం, ప్రోటీను అల్లడం, కణం బయటికి పంపడం అన్నీ అంతలో పూర్తికావు. కాబట్టి నిమిషాల్లో కనిపించే పెరుగుదల ముందే తయారై గ్రంథుల సంచుల్లో నిలవ ఉన్నదాని విడుదల కావాలి, లేదా అప్పటికే రక్తంలో ఉన్న ఎంజైము మీది అడ్డు తొలగడం కావాలి, లేదా పైన చెప్పినట్టు రక్తం చిక్కబడటం కావాలి. వ్యాయామంలో ఎగసే అడ్రినలిన్ వర్గపు సంకేతాలు లాలాజల గ్రంథుల స్రావాన్ని మారుస్తాయన్నది బాగా తెలిసిన సంగతే కనుక మొదటి మార్గం అసాధ్యమేమీ కాదు. శరీరం కదలకుండా, కేవలం మానసిక ఒత్తిడి కలిగించే పరీక్ష పెట్టినా కణరహిత డీఎన్‌ఏ పెరుగుతుందని 2018లో చూపించడం కూడా ఈ సంకేతాల పాత్ర వైపే వేలు చూపిస్తోంది.

దీనికి ఎదురుగా పనిచేసేది ఆక్టిన్. అలవాటు లేని బరువులు ఎత్తినా, ఎత్తు నుంచి పల్లానికి చాలాసేపు పరుగెత్తినా కండరపు తంతువులు దెబ్బతిని లోపలి ప్రోటీన్లు రక్తంలోకి కారతాయి. మర్నాడు, ఆ మర్నాడు కూడా క్రియాటిన్ కైనేజ్ అనే కండరపు ఎంజైము రక్తంలో ఎక్కువగా కనిపించేది అందుకే. వాటితో పాటు ఆక్టిన్ కూడా బయటపడుతుంది. ప్లాస్మాలో జెల్సోలిన్, విటమిన్ డి మోసే ప్రోటీను కలిసి ఆక్టిన్‌ను పట్టి పక్కకు తప్పిస్తాయి. అవి సరిపోనంతగా వస్తే డీఎన్‌ఏజ్-1 బందీ అవుతుంది. అంటే వ్యాయామం అన్న ఒక్క మాట కింద పరస్పరం విరుద్ధమైన ప్రభావాలు దాగి ఉంటాయి. సైకిల్ మీద అరగంట తీవ్రంగా తొక్కిన వ్యక్తినీ, కొండ దిగుతూ మారథాన్ ముగించిన వ్యక్తినీ ఒకే గాట కట్టి, వ్యాయామం డీఎన్‌ఏజ్‌ను ఇంత శాతం పెంచుతుందని ఒక అంకె చెప్పడం నాకు అర్థంలేని పనిగా తోస్తుంది.

అలాగని ఈ ఎంజైముల విలువను తక్కువ చేయడం లేదు. న్యూట్రోఫిల్‌లు సూక్ష్మజీవుల్ని బంధించడానికి డీఎన్‌ఏ వలలు విసురుతాయని 2004లో కనుగొన్నారు. ఆ వలలే రక్తఫలకికల్ని పోగుచేసి గడ్డలకు పునాది వేయగలవని 2010లో తేలింది. రెండు ఎంజైములూ లేని ఎలుకల్లో న్యూట్రోఫిల్ సంఖ్యను బాగా పెంచితే, వలలతో నిండిన గడ్డలు రక్తనాళాల్ని మూసేసి ఆ ఎలుకలు కొద్ది రోజుల్లోనే చనిపోయాయని, రెండిట్లో ఏ ఒక్కటి ఉన్నా బతికాయని 2017 నాటి ప్రయోగం చూపింది. తీవ్ర వ్యాయామంలో న్యూట్రోఫిల్‌లు పెరుగుతాయి, డీఎన్‌ఏ విడుదలవుతుంది, రక్తం గడ్డకట్టే గుణమూ కాసేపు పెరుగుతుంది. అయినా ఆరోగ్యవంతులు పరుగు ముగించి మామూలుగా ఇంటికి వెళ్లగలుగుతున్నారంటే, ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఈ రెండు ఎంజైములకూ అందులో వాటా ఉందనడం న్యాయమే. నేను ఒప్పుకోనిది ఒక్కటే: మామూలుగా ఉన్న మోతాదు చేస్తున్న రక్షణను, వ్యాయామంతో తాత్కాలికంగా పెరిగిన కొద్దిపాటి మోతాదు ఖాతాలో వేయడం.

ఇక రోజూ సాధన చేసేవారిలో విశ్రాంతి సమయంలో ఏమవుతుందన్న ప్రశ్న. కొద్దిసేపు ఎక్కి దిగే కొలతను రోజూ ఎక్కించి దించినంత మాత్రాన దాని విశ్రాంతి స్థాయి పెరుగుతుందని అనుకోనక్కర్లేదు. వ్యాయామంలో గుండె వేగం పెరుగుతుంది, కానీ సాధన చేసినవారి విశ్రాంతి వేగం తగ్గుతుంది కదా. డీఎన్‌ఏ వైపు చూస్తే, 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో బరువుల సాధన మోతాదును అంచెలంచెలుగా అతిగా పెంచినప్పుడు, విశ్రాంతి వేళ తీసిన ప్లాస్మాలోనే కణరహిత డీఎన్‌ఏ పెరిగింది, సాధన తగ్గించగానే దిగింది. వ్యాయామం ఎంత ఎక్కువైతే రక్తం అంత శుభ్రమన్న మాటకు ఇది నేరుగా ఎదురు నిలిచే ఫలితం. ఆటగాళ్ల విషయంలో ఈ కొలతకు వేరే ఉపయోగం దొరికింది. ఫుట్‌బాల్ ఆటగాడు మైదానంలో ఎంత దూరం పరుగెత్తాడన్నదానికి ఆట తర్వాతి డీఎన్‌ఏ పెరుగుదలకు సంబంధం ఉందని 2018లో చూపించాక, శ్రమ భారాన్ని అంచనా వేసే గుర్తుగా దాన్ని పరిశీలిస్తున్నారు.

మీ చెల్లెలి విషయం. లూపస్‌కూ డీఎన్‌ఏజ్‌కూ ఉన్న సంబంధం ఊహ కాదు. డీఎన్‌ఏజ్-1 లేని ఎలుకల్లో లూపస్‌ను పోలిన లక్షణాలు వస్తాయని 2000లో చూపించారు. డీఎన్‌ఏజ్-1-ఎల్-3 జన్యువు పూర్తిగా పనిచేయని కుటుంబాల్లో పిల్లలకు చిన్న వయసులోనే లూపస్ రావడం 2011లో నమోదైంది. మూత్రపిండాలు దెబ్బతిన్న లూపస్ రోగుల్లో కొందరి సీరం న్యూట్రోఫిల్ వలల్ని సరిగా కరిగించలేదని 2010లో తెలిసింది. కొందరిలో అసలు ఎంజైముకే వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి. అలాంటప్పుడు ఎంజైమును పెంచితే చాలదా అని మీకు అనిపించడం సహజమే. ఆ ఆలోచన వైద్యులకూ వచ్చింది. ప్రయోగశాలలో తయారుచేసిన మానవ డీఎన్‌ఏజ్-1ను లూపస్ మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి నేరుగా ఇచ్చి చూశారు. 1999లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మందును రోగులు బాగానే తట్టుకున్నారు, కానీ వ్యాధి తీవ్రతను సూచించే గుర్తులు మారలేదు. రక్తంలో ఎంజైము పనిచేసే స్థాయిలో నిలిచింది కూడా కొద్దిసేపే. సూదితో ఎక్కించిన ఎంజైమే చేయలేని పనిని, ఒక గంట నడక తర్వాత కాసేపు కాస్త పెరిగే చురుకుదనం చేస్తుందని ఆశించడం సరికాదు. పైగా లోపం డీఎన్‌ఏజ్-1-ఎల్-3లో ఉన్నవారికి డీఎన్‌ఏజ్-1 పెరగడం ఆ లోటును తీర్చదు.

అయినా ఆమెను వ్యాయామం మానమని మాత్రం చెప్పకండి. లూపస్ రోగులకు మందులతో పాటు పాటించదగినవాటిలో వ్యాయామాన్ని యూరోపియన్ రుమటాలజీ సంఘమైన యులార్ 2023లో ఇచ్చిన సూచనల్లో చేర్చింది. అలసట తగ్గడం, గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం మెరుగవడం, మనసు కుదుటపడటం అందుకు చాలినంత కారణాలు. వ్యాధి ఉధృతంగా ఉన్న రోజుల్లో, మూత్రపిండాలో గుండో ప్రభావితమై ఉన్నప్పుడు మోతాదు ఎంతన్నది ఆమెను చూస్తున్న రుమటాలజిస్టు నిర్ణయించాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటి లూపస్ మందులను వ్యాయామం మీద భరోసాతో తగ్గించడం మాత్రం ఏ పరిస్థితుల్లోనూ చేయకూడని పని.

చివరగా, డీఎన్‌ఏజ్ పరీక్ష చేయించుకోవాలా అన్న సందేహం కూడా మీకు రావచ్చు. అక్కర్లేదు. అది పరిశోధనశాలల్లో వాడే కొలత. పద్ధతి మారితే అంకె మారుతుంది. ఇంత ఉంటే మామూలు, ఇంతకు తగ్గితే లోపం అని అందరూ అంగీకరించిన హద్దులు లేనప్పుడు, వచ్చిన అంకెతో మీ వైద్యుడు కూడా చేయగలిగేది ఉండదు. ఇదంతా నిత్యజీవితంలో పనికొచ్చే సందర్భం ఒకటుంది: గర్భిణి రక్తంతో శిశువు క్రోమోజోమ్‌లను చూసే పరీక్షకో, కణితి డీఎన్‌ఏ కోసం చేసే లిక్విడ్ బయాప్సీకో రక్తం ఇవ్వాల్సి వచ్చినప్పుడు. ఈ రెండింటిలోనూ వెతికేది మొత్తం డీఎన్‌ఏలో ఒక చిన్న భాగాన్ని. మెట్లు పరుగున ఎక్కో, వ్యాయామశాల నుంచి నేరుగానో వచ్చి రక్తం ఇస్తే, న్యూట్రోఫిల్‌ల డీఎన్‌ఏ వెల్లువలో ఆ భాగం శాతం పలచబడుతుంది. కనుక ముందు రోజు సాయంత్రం నుంచి తీవ్ర వ్యాయామం ఆపి, ప్రయోగశాలలో అరగంటైనా స్థిమితంగా కూర్చున్నాక రక్తం ఇవ్వండి. ఆ రోజు పొద్దున వ్యాయామం చేసి ఉంటే ఆ సంగతి రక్తం తీసేవారికి ముందే చెప్పండి.